తుపాను వేళ సముద్రంలో చిక్కిన పడవలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఒడిశాలోని గంజాం జిల్లా తీర గ్రామాల తెలుగువారి నుంచి, సరిహద్దుకు ఇవతలి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తుపాను వేళ వేట గురించే ఉన్నందువల్ల, ఈ సంచికలోని శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా తమ్ముళ్ళు గోపాల్‌పూర్‌లో ఫైబరు బోటు మీద వేట చేస్తారు. ఎండ కాస్తూ, ఆకు కూడా కదలని రోజున వేటకు పోవద్దని దండోరా వేస్తే నమ్మబుద్ధి కావడం లేదని అంటున్నారు. వారికి ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ఒడ్డున ఎండ కాస్తున్నంత మాత్రాన సముద్రం నెమ్మదిగా ఉన్నట్టు కాదు. వందల కిలోమీటర్ల దూరంలో వాయుగుండం రేపిన పొడవాటి కెరటాలు ఆ వాయుగుండం కంటే ముందే మన తీరానికి చేరుతాయి. గాలి లేని రోజున కెరటానికీ కెరటానికీ మధ్య ఎడం పెరిగి, ఒక్కొక్కటి బరువుగా విరుగుతూ ఉంటే, దూరాన గాలి లేచిందని పాతతరం వేటగాళ్ళు ఇట్టే గుర్తుపట్టేవారు. మీ తమ్ముళ్ళను ఇంట్లోని పెద్దవారి దగ్గర కూర్చోబెట్టి ఈ మాట అడిగించండి. దండోరా కంటే అది వారికి త్వరగా నచ్చుతుంది.

గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాతావరణ శాఖ దానిని వాయుగుండంగా లెక్కిస్తుంది. 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను అవుతుంది. వేగం రెట్టింపైతే పడవ మీద పడే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కనుక, వాయుగుండానికీ తుపానుకూ ఉన్న తేడాను పేరులోని తేడాగా చూడకూడదు. బులెటినులో కెరటాల ఎత్తు 3 మీటర్లు అని విన్నప్పుడు, అది కెరటాలన్నిటిలో ఎత్తైన మూడో వంతు వాటి సగటు మాత్రమేనని, మధ్యమధ్య దానికి దాదాపు రెట్టింపు ఎత్తున లేచే కెరటం కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి. అంచు తక్కువగా ఉండే ఫైబరు బోటును ముంచడానికి అటువంటి కెరటం ఒక్కటి చాలు.

ముందు జాగ్రత్తకు ఇంత వ్యవధి ఎందుకు తీసుకోవాలో 2017 నాటి ఓఖీ తుపాను చూపించింది. ఆ నవంబరు 29న వాయుగుండంగా ఉన్నది 30వ తేదీ ఉదయానికే తుపానుగా మారింది. అప్పటికే రోజుల తరబడి లోపలి సముద్రంలో ఉన్న కేరళ, తమిళనాడు పడవలకు కబురు అందే దారి లేకపోయింది. ఎన్నో కుటుంబాలు తమవారిని తిరిగి చూడలేదు. మామూలుగా తుపానుకు 48 గంటల ముందు అప్రమత్తత సందేశం, 24 గంటల ముందు హెచ్చరిక వస్తాయి. నెమ్మదిగా నడిచే బోటు లోపలి నుంచి ఒడ్డు చేరడానికి పట్టే సమయాన్ని ఆ గంటల్లోంచి తీసివేసి చూస్తే, మిగిలేది చాలా కొద్ది.

ప్రశ్న: తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటుతుందని చెబుతూ, ప్రమాదం మాత్రం గంజాంకు ఎక్కువని అంటారు. ఇందులోని మతలబు ఏమిటి?
— ఒక పాఠకుడు, సునాపూర్

జవాబు: మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతాయి. పడమరకో వాయవ్యానికో కదిలే తుపానుకు కుడి పక్క, అంటే ఉత్తరపు పక్క, తిరిగే గాలికి తుపాను కదలిక కూడా తోడవుతుంది. ఆ గాలి సముద్రం నుంచి నేల వైపు వీచి, నీటిని ఒడ్డు మీదికి ఎగదోస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం సరిగ్గా ఆ కుడి పక్కన ఉంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య తీరం దాటింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది.

ఎడమ పక్కన కెరటాల ఉధృతి కొంత తక్కువగా ఉండవచ్చు కానీ, అక్కడ గాలి నేల నుంచి సముద్రం వైపు వీచి, ఇంజను ఆగిన పడవను లోపలికి తోసుకుపోతుంది. సముద్రం మీద ఉన్నవారు గాలి తిరిగే తీరును గమనిస్తే తాము ఏ పక్కన ఉన్నారో తెలుస్తుంది. పడమరకు పోయే తుపానులో గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరుగుతూ ఉంటే వారు కుడి పక్కన ఉన్నట్టు. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరుగుతూ ఉంటే ఎడమ పక్కన ఉన్నట్టు. దిక్కు మారకుండా గాలి అంతకంతకూ పెరుగుతూ ఉంటే తుపాను నేరుగా తమ మీదికే వస్తున్నట్టు. నడిమధ్యలో గాలి హఠాత్తుగా ఆగిపోతే అది తుపాను కన్ను కావచ్చు; కాసేపటికి ఎదుటి దిక్కు నుంచి అంతే బలంతో మళ్ళీ వీస్తుంది.

ప్రశ్న: తుపాను హోరులో పడవ చిక్కుకుంటే కోస్టుగార్డు వెంటనే ఎందుకు రాదు? పేదవాడి ప్రాణమంటే అంత చులకనా?
— ఒక పాఠకుడు, కవిటి

జవాబు: మీ ఆవేదనలో న్యాయం ఉంది, అయినవారు నీటి మీద ఉన్న ఇంట్లో ప్రతి గంట ఎంత భారంగా గడుస్తుందో ఊహించగలను. అయితే రక్షణ ఆలస్యం కావడానికి ముఖ్య కారణం వేరే ఉంది. హెలికాప్టరు మనిషిని పైకి లాగాలంటే పడవ మీద నిలకడగా గాలిలో ఆగాలి. తుపాను గాలిలో, మీటర్ల కొద్దీ లేచి పడే పడవ మీద అది సాధ్యం కాకపోవడమే కాక, రక్షించబోయినవారి ప్రాణాలూ పోతాయి. అందుకే కోస్టుగార్డు ఓడలు, డోర్నియర్ విమానాలు తుపానుకు ముందు తిరిగి పడవలను వెనక్కి పంపడం మీద, గాలి తగ్గీ తగ్గగానే వెతకడం మీద బలాన్ని పెడతాయి. తూర్పు తీరంలో ఈ పనిని చెన్నైలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం నడిపిస్తుంది. దగ్గరలో సరుకు ఓడ ఉంటే దానిని కూడా దారి మళ్ళించమని కోరుతుంది. ఆపదలో ఉన్నవారికి సాయపడటం అంతర్జాతీయ నియమాల ప్రకారం ఓడ కెప్టెను విధి.

అసలు కష్టం వెతకడంలో ఉంది. ఇంజను పోయిన పడవ రెండు నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 3.7 కిలోమీటర్ల చొప్పున కొట్టుకుపోయిందని అనుకుందాం. ఒక్క రోజులో అది సుమారు 90 కిలోమీటర్లు పోతుంది. ఏ దిక్కుకు పోయిందో తెలియకపోతే వెతకవలసిన వైశాల్యం దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లు అవుతుంది, అంటే ఇంచుమించు మూడు గంజాం జిల్లాలంత. పడవ ఉన్న చోటు 10 కిలోమీటర్ల తేడాలో తెలిస్తే అదే వైశాల్యం 314 చదరపు కిలోమీటర్లకు తగ్గుతుంది. పైలట్లు ఎంత సమర్థులైనా, ఓడలు ఎన్ని ఉన్నా, ఈ లెక్క ముందు చాలావరకు నిస్సహాయులే. కాబట్టి రక్షణ పని ఎలా సాగుతుందన్నది పడవ ఒడ్డు విడవకముందే సగం తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

సెల్‌ఫోను సిగ్నలు ఒడ్డు నుంచి కొంత దూరం దాటాక అందదు. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరాన్ని నొక్కితే, పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి కోస్టుగార్డుకు చేరుతుంది. 2024 నుంచి వచ్చిన రెండో తరం పరికరంలో, కబురు అందిందన్న తిరుగు సందేశం కూడా పడవకు వస్తుంది. సాయం బయలుదేరుతోందని తెలిసిన మనిషి పడవను వదిలి ఈదే ప్రయత్నం చేయడు కనుక ఆ చిన్న సందేశానికి చాలా విలువ ఉంది. 2024 ఆగస్టులో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు (పడవ ఉన్న చోటును ఉపగ్రహం ద్వారా తెలిపే పరికరాలు) అమర్చే పథకాన్ని కేంద్రం ప్రారంభించింది. మీ బోటుకు అది వచ్చిందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. వచ్చినదానిని దొంగలు పడతారని ఇంట్లో దాచడం మాత్రం దయచేసి మానండి. వీహెచ్ఎఫ్ సెట్టు (పడవలోని రేడియో) ఉన్నవారు ఆపదలో పిలవవలసినది 16వ ఛానలు.

ప్రశ్న: అప్పు చేసి కొన్న వల సముద్రంలో ఉండిపోతే, హెచ్చరిక వచ్చాక కూడా దానిని తీసుకురావడానికి వెళ్ళక తప్పడం లేదు. ఇందుకు మార్గం చెప్పండి.
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: వెళ్ళవద్దు. వల పోతే ఇల్లు ఎంత దెబ్బతింటుందో తెలిసే ఈ మాట రాస్తున్నాను. దీనికి పరిష్కారాన్ని ఒక్కొక్క ఇంటి ధైర్యానికి వదిలేయడం కంటే ఊరంతా కలిసి వెతకడం మేలు. వాయుగుండం కబురు వినిపించిన రోజునే వలలు వేయకూడదని గ్రామ పెద్దలు కట్టడి చేస్తే, ఎదుటివాడు పోతున్నాడు కదా అన్న తొందర ఎవరికీ ఉండదు. పడవలకు, వలలకు జరిగిన నష్టానికి విపత్తు సహాయ నిధి నుంచి పరిహారం అడగవచ్చు. రిజిస్ట్రేషను లేని పడవకు అది అందడం కష్టం కనుక, ఆ కాగితం పని వర్షాకాలానికి ముందే పూర్తిచేసుకోండి.

ప్రశ్న: మా ఆయన విశాఖ నుంచి పెద్ద బోటులో కళాసీగా వెళ్తారు. ఒకవేళ కబురు తెగిపోతే నేను ఎవరికి చెప్పాలి? మేము ఉండేది ఒడిశాలో, బోటు ఉండేది ఆంధ్రలో.
— ఒక పాఠకురాలు, అర్జిపల్లి

జవాబు: అమ్మా, కోస్టుగార్డు నంబరు 1554, దానికి రాష్ట్రాల సరిహద్దులు అడ్డు రావు. తీరప్రాంత పోలీసుల నంబరు 1093. తెల్లవారే దాకా చూద్దామని ఆగకుండా, రావలసిన సమయం దాటగానే చెప్పండి. అలా చెప్పడానికి కొన్ని వివరాలు మీ దగ్గర రాసి ఉండాలి. బోటు రిజిస్ట్రేషను నంబరు, రంగు, ఎంతమంది ఉన్నారు, సరంగు (బోటు నడిపించే పెద్ద) ఫోను నంబరు, ఏ దిక్కుకు ఎంత దూరం పోతామన్నారు, ఎన్ని రోజుల డీజిలు, నీళ్ళు తీసుకువెళ్ళారు, చివరిసారి మాట్లాడిన గంట ఏది అన్నవి అవి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ తయారుచేసిన సరాట్ అనే సాధనం, పడవ చివరిసారి ఉన్న చోటును, సమయాన్ని బట్టి గాలీ ప్రవాహాల లెక్కతో అది ఎటు కొట్టుకుపోయి ఉంటుందో చెబుతుంది. ఆ రెండు వివరాలూ లేకపోతే దానికి ఆధారమే ఉండదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరం వెంబడి ప్రవాహం సాధారణంగా దక్షిణానికి సాగుతుంది కనుక, గంజాం ఎదుట చెడిపోయిన పడవ శ్రీకాకుళం, విశాఖ వైపు పోయే అవకాశం ఎక్కువ. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరానికి తిరుగుతుంది. అందువల్ల రెండు రాష్ట్రాల మెరైన్ పోలీసులకూ చెప్పడం అవసరం. ఫిర్యాదు నమోదు చేయించి, దాని నకలు తప్పకుండా తీసుకోండి.

ఆ కాగితం మరొక విధంగా కూడా ముఖ్యం. చట్టం ప్రకారం ఏడు సంవత్సరాలు జాడ తెలియని మనిషినే మరణించినట్టు భావిస్తారు. ఆ లోపు మరణ ధ్రువపత్రం కోసం కుటుంబాలు పడే నరకాన్ని తగ్గించడానికి, ఓఖీ తరువాత చేసినట్టు, ప్రభుత్వాలు ప్రత్యేక విచారణతో ముందుగా ధ్రువపత్రం ఇవ్వాలి. అది ప్రతి తుపానుకూ కొత్తగా అడుక్కోవలసిన దయగా కాక శాశ్వత నియమంగా ఉండాలి. కేంద్రపు మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమాలో పేరున్న మత్స్యకారుడు మరణిస్తే 5 లక్షల రూపాయలు వస్తాయి. కళాసీల పేర్లు చాలాసార్లు ఆ జాబితాలో ఉండవు. మీ ఆయన పేరు ఉందో లేదో, నామినీగా మీ పేరు రాశారో లేదో, ఈ ప్రయాణానికి ముందే బోటు యజమానిని, మత్స్యశాఖ వారిని అడిగి తెలుసుకోండి.