దసరా నుంచి మార్గశిరం దాకా వెచ్చాల ఖర్చు: బరంపురం ఇంటి లెక్క

ఒడిశాలోని మన బరంపురానికి కోడలిగా వచ్చి రెండేళ్ళయిందని, ఇంట్లో నలుగురని, మామూలు నెలల్లో పదివేలతో సరిపోయే వెచ్చాలు దసరా వచ్చేసరికి పదిహేను వేలకి ఎక్కి మార్గశిరం దాకా దిగడం లేదని మీరు రాశారు. బియ్యం, పప్పు దగ్గర ఎంత బిగబట్టినా లాభం లేదన్నారు. నేనూ ఈ ఊరి కోడలినే, మీకంటే చాలా ముందొచ్చినదాన్ని. కాబట్టి మన ఊరి సంగతే చెబుతాను.

బియ్యం దగ్గర బిగబట్టడం మానేయండి. గారెలు, బూరెలు తిన్నపూట అన్నం ఎవరడుగుతారు? పండగ నెలలో పెరిగేవి నూనె, నెయ్యి, బెల్లం, మినపప్పు, సెనగపప్పు, జీడిపప్పు, కొబ్బరికాయలు. వాటిలో కూడా మనం తినేది సగమే. మిగతా సగం పళ్ళేల్లో గుమ్మం దాటి వెళ్ళిపోతుంది. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇంటి ఖర్చు పెరిగేది అక్కడే.

ఎందుకంటే మనకి పండగలు రెండు వరసల్లో వస్తాయి. మన కార్తీకం దీపావళి అమావాస్య వెళ్ళాక మొదలై మళ్ళీ అమావాస్యకి పూర్తవుతుంది. ఒడియా వాళ్ళ కార్తీకం దసరా తర్వాత వచ్చే కుమార పున్నమి మర్నాడే మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. అంటే వాళ్ళు మనకన్నా పక్షం రోజులు ముందుంటారు. మార్గశిరమూ అంతే. వాళ్ళు లక్ష్మీదేవిని కొలిచే మాణబసా గురువారాలు మన లక్ష్మివారాలకంటే ముందే మొదలైపోతాయి. వీధిలో రెండు రకాల ఇళ్ళూ కలిసి ఉంటే ఆరేడు లక్ష్మివారాలు ఎవరో ఒకరింట్లో ఏదో ఒక పిండివంట అవుతూనే ఉంటుంది. మధ్యలో ఒడియా వాళ్ళ ప్రథమాష్టమి పండక్కి పక్కింటి మావుసి (పిన్నిగారు) పసుపాకుల్లో ఉడికించిన ఎండూరి పిఠా పంపిస్తుంది. ఆ పళ్ళెం ఖాళీగా తిప్పి పంపలేం కదా. మనం పంపితే మళ్ళీ వాళ్ళు పంపుతారు. మీ అయిదు వేలల్లో పెద్ద భాగం ఈ పళ్ళేలదే అని నా అనుమానం. మానేయమని చెప్పను, ఈ ఊళ్ళో బతుకు బాగుండేదే దానివల్ల. కానీ దానికీ ఒక లెక్క ఉండాలి.

ఇంకో చిక్కు జీతం తేదీతో. పండగలు తిథుల ప్రకారం వస్తాయి, జీతం మాత్రం ఒకటో తారీఖున వస్తుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. రెండు పెద్ద పండగల్నీ ఒకే జీతం మోయాల్సి వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం కారణంగా అన్నీ వెనక్కి జరిగాయి. విజయదశమి అక్టోబరు 20న, అంటే నెలాఖరు చేరువలో, దీపావళి నవంబరు 8న, జీతం చేతికొచ్చిన వారానికి. కాబట్టి "నెలకి ఇంత" అనే లెక్క ఈ నాలుగు నెలలకీ పనికిరాదు. కొత్త పంచాంగం చేతికి రాగానే ఏ పండగ ఏ జీతంలో పడుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, సగం టెన్షన్ అప్పుడే తగ్గుతుంది.

మా ఇంట్లో నెలవారీ వెచ్చాల పద్దు, పండగ పద్దు వేరువేరు. మీ లెక్కే తీసుకుంటే అదనం నెలకి అయిదు వేలు, నాలుగు నెలలకి ఇరవై వేలు. దాన్ని పన్నెండు వేలకి దించడం కష్టం కాదు. ఏడాది పొడుగునా నెలకి వెయ్యి పక్కన పెడితే అదే వస్తుంది. దసరాకి 4,000, దీపావళికి 3,500, కార్తీకానికి 2,000, మార్గశిరానికి 2,500 అని ముందే విడగొట్టండి. కార్తీకానికి తక్కువ పెట్టానేమిటి అనుకోకండి, ఉపవాసాల నెల కదా, దీపం నూనె, వత్తులు, పళ్ళు, కొబ్బరికాయలు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. నెలవారీ పదివేలని మాత్రం ముట్టుకోకూడదు. రెండూ ఒకే డబ్బాలో, ఒకే ఫోన్ ఖాతాలో ఉంటే పండగ నెయ్యి కాస్తా పాలవాడి డబ్బులు తినేస్తుంది.

ఇక చీటీ రాసే పద్ధతి. చాలామంది "సెనగపప్పు కిలో, బెల్లం కిలో, నెయ్యి అరకిలో" అని సరుకు పేరుతో మొదలుపెడతారు. మీరు వంటకంతో మొదలుపెట్టండి, ఆ పక్కనే ఎంతమందికో రాయండి. ఉదాహరణకి దసరాకి పూర్ణం బూరెలు. అరకిలో సెనగపప్పు, అరకిలో బెల్లంతో చేసిన పూర్ణం మామూలు సైజులో చుడితే నలభై పైచిలుకు బూరెలవుతాయి. ఇంట్లో నలుగురికి తలా నాలుగు, అంటే పదహారు. పొరుగున ఆరిళ్ళకి నాలుగేసి చొప్పున ఇరవై నాలుగు. సరిగ్గా సరిపోయింది కదా. కానీ మన అత్తగార్ల చేతికొలత ఎప్పుడూ కిలోయే. ఆ పైన పడ్డ అరకిలో ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. రెండో రోజుకి ఫ్రిజ్‌లో పైపిండి తోలులా సాగుతుంది, మూడో రోజు పనమ్మాయి చేతిలో పెడతాం, ఆవిడకి అప్పటికే నాలుగిళ్ళ బూరెలు వచ్చి ఉంటాయి.

అందుకే ముందు తేల్చాల్సింది ఎన్నిళ్ళకి పంపాలన్నది. అత్తగారితో ఖర్చు గురించి మాట్లాడితే మాట పెరుగుతుంది. "అత్తయ్యగారూ, ఈసారి ఎన్నిళ్ళకి పంపుదాం?" అని అడిగితే ఆవిడే వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతారు. ఆ చెప్పింది కాగితం మీద పెట్టి, దాన్ని బట్టి పప్పు తూపించండి. మా అత్తగారి దగ్గర ఈ ఉపాయం పారింది. డబ్బు తగ్గించమంటే చిన్నబుచ్చుకునే మనిషి, పేర్లు మాత్రం భలే నిక్కచ్చిగా చెప్పేవారు, ఎవరిని వదిలెయ్యాలో కూడా.

తిరుగు పళ్ళేనికి ప్రతిసారీ కొత్తగా పిండివంట చేయక్కర్లేదు. ఒడియా ఇళ్ళల్లో మన ఊరగాయలంటే ప్రాణం పెడతారు. ఎండాకాలం పెట్టిన ఊరగాయకి డబ్బులు ఎప్పుడో అయిపోయాయి, పండగ పద్దులోంచి పైసా పోదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వాళ్ళ కార్తీకంలోనూ, మార్గశిర గురువారాల్లోనూ చాలా ఇళ్ళల్లో వెల్లుల్లి, ఉల్లి తినరు. ఆవకాయ పంపితే తీసుకుని పక్కన పెట్టేస్తారు. వేసవిలోనే వెల్లుల్లి వేయకుండా మాగాయ ఒక చిన్న జాడీ విడిగా పెట్టుకుంటే ఈ నెలలన్నీ గట్టెక్కుతాయి. పండగ రోజున ఎలాగూ మనం చేసే పులిహోరా పంపొచ్చు, చవకా, బరువుగానూ కనిపిస్తుంది.

నూనె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పండగ పద్దుని ముంచేది అదే. 2024 సెప్టెంబరు 14న, దసరాకి నెల ముందు, కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, రిఫైన్డ్ నూనెల మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. ఆ దసరాకి నూనె ప్యాకెట్ కొన్నవాళ్ళకి ఆ మంట గుర్తుండే ఉంటుంది. 2025 మే నెలాఖరులో ముడి నూనె మీద సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. అది మన చేతిలో లేని సంగతి, కానీ విప్పని ప్యాకెట్‌లో నూనె త్వరగా చెడదు కాబట్టి శ్రావణంలోనే రెండు మూడు ప్యాకెట్లు తీసి పెట్టుకోవడం మన చేతిలోనే ఉంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక బరువు చదవండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే ఎత్తు, అదే వెడల్పుతో 850 గ్రాములవి, 800 గ్రాములవి కూడా వస్తున్నాయి. పది రూపాయలు తక్కువని తీసుకుంటే నూనె అంతకంటే తక్కువ వస్తుంది. ఇప్పుడు ధర పక్కనే గ్రాముకో లీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, పోల్చాల్సింది ఆ అంకెని. వేయించడానికి వెడల్పు మూకుడు వద్దు. చిన్నదీ లోతైనదీ అయితే అరలీటరుతో పని అవుతుంది. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ చివర్లో మిగిలే వాడిన నూనె తక్కువ, అది రెండు మూడు రోజుల్లో తాలింపులకి అయిపోతుంది, మళ్ళీ మళ్ళీ కాచే బాధ లేదు.

పప్పులు బడాబజార్‌లో కాటా మీద తూచి ఇచ్చే షావుకారు దగ్గర విడిగా కొనండి. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన 25 కిలోల దాకా పప్పు, బియ్యం, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది, విడిగా తూచిన దానికి లేదు. (26 కిలోల బియ్యం బస్తాలు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా!) పైగా విడిగా అయితే ముప్పావు కిలో అడగొచ్చు, గింజ చేతిలోకి తీసుకుని చూడొచ్చు. మినపప్పు మాత్రం ఒకేసారి తీసుకోండి. దసరా గారెలకీ, మార్గశిరంలో రెండో లక్ష్మివారం అట్లకీ, నాలుగో వారం గారెలకీ, అయిదో వారం బూరెల పైపిండికీ అదే కావాలి. వారం వారం కొట్టుకి వెళ్ళామంటే పప్పు కోసం వెళ్ళి బిస్కెట్లు, అగరొత్తులు, ఏదో కొత్త మసాలా కూడా తెస్తాం.

నెయ్యి, బాదం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5కి తగ్గింది. అంతకుముందు ఏం పెట్టి కొన్నారో పాత బిల్లుంటే ఒకసారి పోల్చి చూసుకోండి. జీడిపప్పు సంగతికొస్తే, పలాస ఎంతో దూరం లేదు, అటునుంచి వచ్చే చుట్టాలు ఎవరో ఒకరుంటారు. గుండు తెప్పించకండి, బద్ద తెప్పించండి, ముక్క ఇంకా నయం. పరమాన్నంలో నేతిలో వేగాక గుండేదో బద్దేదో కనిపెట్టేవాళ్ళు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

కూరగాయల్లో జాగ్రత్తపడాల్సింది ఒడియా కార్తీకం ఆఖరి అయిదు రోజులు, పంచుక. వ్రతంలో తినే హవిష డాల్మాకి (పప్పు, కూరగాయలు కలిపి వండేది) అరటికాయ, చేమదుంప, కంద ఊరంతా కొంటారు, ధర ఆకాశంలో ఉంటుంది. మనకీ అప్పుడు అవే కావాలనిపిస్తుంది, కానీ మనకి పట్టింపు లేదు కదా, బీరకాయో సొరకాయో చేసుకోండి. దుంపలు వారం ముందే కొని గాలి తగిలేచోట పెడితే పాడవ్వవు. పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే వాళ్ళు మళ్ళీ మాంసం మొదలుపెట్టే రోజు, మాంసం కొట్ల ముందు తెల్లారకముందే వరసలు. మీ ఇంట్లో మన కార్తీకం అమావాస్య దాకా పాటిస్తే ఆ గొడవే లేదు. పాటించకపోయినా ఇంకో ఆదివారం దాకా ఆగమని మీ ఆయనకి చెప్పండి.

బుఢీ ఠాకురాణి యాత్ర ఏడాదికి మాత్రం ఈ పన్నెండు వేలు చాలవు. రెండేళ్ళకోసారి వేసవి మొదట్లో వస్తుంది, అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టే ఆడపడుచులూ పిల్లలతో దిగుతారు, ఒకటి రెండు పూటలకి కాదు. ఆ ఖర్చు దసరా పద్దులో కలపకండి. యాత్రకి ముందటి దసరా అవగానే నెలకి ఇంకో అయిదొందలు విడిగా వేయడం మొదలుపెట్టండి, బియ్యం బస్తా ఒకటి, గ్యాస్ సిలిండర్ ఒకటి అదనంగా వేసుకోవడానికి సరిపోతుంది.