వాపు ఉన్న చోటే వెలిగే ప్రోబ్

ప్రశ్న: నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. శరీరంలో వాపు వచ్చిన చోట పనిచేసే ఎంజైము తగిలితేనే వెలిగే ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్) ప్రోబ్, అంటే వెలుగుతో జాడ తెలిపే అణువు మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. ఏ ఎంజైముతో మొదలుపెట్టాలి? బాగా వెలిగే రంగుద్రవ్యాన్ని ఎంచుకుంటే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: సరిపోదు. ప్రోబ్ ఎంత వెలుగుతుందన్న దానికన్నా, ఎంజైము తగలకముందు అది ఎంత చీకటిగా ఉంటుందో, వేరే ఎంజైములకు లొంగకుండా ఎంతవరకు నిలుస్తుందో చూడడం ముఖ్యం.

మొదటి ప్రయత్నానికి న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అనువైనదని నా అభిప్రాయం. వాపు ఉన్న చోటికి ముందుగా చేరుకునే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ దీన్ని విడుదల చేస్తాయి. ఇది ప్రొటీన్ గొలుసును ముఖ్యంగా వాలిన్ వంటి చిన్న అమైనో ఆమ్లం తర్వాత తెంచుతుంది. అందుకే అలనిన్-అలనిన్-ప్రోలిన్-వాలిన్ పెప్టైడును (అమైనో ఆమ్లాల చిన్న గొలుసును) రంగుద్రవ్యమైన అమైనోమిథైల్‌కౌమరిన్‌లోని అమీన్‌కు అమైడ్ బంధంతో కలుపుతారు. ఆ బంధం ఉన్నంతసేపు అమీన్ (నైట్రోజన్ ఉన్న భాగం) ఎలక్ట్రాన్ జంటను పెప్టైడు చివరనున్న కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ భాగం) తన వైపు లాక్కోవడం వల్ల వెలుగు చాలా తక్కువగా ఉంటుంది. ఎంజైము వాలిన్ పక్కన తెంచగానే అమీన్ విడుదలై, సుమారు 460 నానోమీటర్ల దగ్గర నీలి కాంతి కనిపిస్తుంది. ఈ ప్రోబ్ సిద్ధంగా కొనడానికి కూడా దొరుకుతుంది కనుక, మీరు తయారుచేసిన దాన్ని దానితో పోల్చుకోండి.

అయితే పరీక్షనాళికలో చాలిన ఈ నీలి కాంతి కణజాలం లోతుల్లో పనికిరాదు. రక్తంలోని హీమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది, కణజాలం తానుగా కూడా ఆ రంగులో కొంత వెలుగుతుంది. అక్కడికి 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య వెలిగే హెమిసయనిన్ వంటి ద్రవ్యాలు కావాలి. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో వాడేందుకు 2024లో అమెరికా అనుమతి పొందిన పెగులిసియనిన్ అనే ప్రోబ్ కూడా కాథెప్సిన్‌ల వంటి ఎంజైములు తెంచినప్పుడే వెలుగుతుంది.

ఒక సంగతి తప్పక గుర్తుంచుకోండి: ప్రోబ్ చూపేది ఎంజైము ఉనికిని కాదు, దాని పనిని. ప్లాస్మాలోని ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ ఎలాస్టేజ్‌ను అణచివేస్తుంది కనుక, ఎంజైము ఉన్నా వెలుగు రాకపోవచ్చు.

వాలిన్ దగ్గర ప్రొటీనేజ్-3 అనే మరో ఎంజైము కూడా తెంచగలదు. అందువల్ల ఎంజైము లేని నమూనాతో పాటు, ఎలాస్టేజ్‌ను అడ్డుకునే సివెలెస్టాట్ కలిపిన నమూనాను కూడా నడపండి. అందులో వెలుగు తగ్గకపోతే వేరే ఎంజైము తెంచుతున్నట్టే; అప్పుడు మార్చవలసింది రంగుద్రవ్యాన్ని కాదు, పెప్టైడును.