సీటీ నార్మల్ వచ్చాక మళ్లీ ఎమ్మారై ఎందుకు?

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో నాన్నగారు పడిపోయారని, సీటీ నార్మల్ వచ్చినా డాక్టర్ ఎమ్మారై రాశారని, డబ్బులకేనా అని అడిగారు. నాకైతే అలా అనిపించట్లేదు. మల్కాజ్‌గిరిలో ఉండే మా మరిదికి ఇదే జరిగింది. చలికాలం కదా అని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి స్నానానికి వెళ్లాడు.

గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఒంట్లోకి ఎక్కిందా లేదా అని తేల్చేది స్కాన్ కాదు, రక్తపరీక్ష. అందులో కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే ఆ వాయువు అంటుకున్న హిమోగ్లోబిన్, శాతం చూస్తారు. ఆక్సిజన్ పెట్టాక అది గంట, గంటన్నరలోనే సగానికి పడిపోతుంది. కాబట్టి రక్తం ఆలస్యంగా తీస్తే తక్కువే కనిపిస్తుంది. వేలికి పెట్టే క్లిప్పును మాత్రం నమ్మకండి. మావాడు మగతలో ఉన్నా అది ఆక్సిజన్ 98 శాతం అని చూపించింది. హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనో, ఈ విషవాయువో మామూలు పల్స్ ఆక్సీమీటర్‌కు తేడా తెలియదు.

సీటీ ముందుగా తీసేది తలలో రక్తస్రావం లాంటివి ఉన్నాయేమో చూడటానికి. తొలి గంటల్లో ఈ విషం దెబ్బ అందులో కనబడకపోవచ్చు. ఎమ్మారైలో అయితే మెదడు లోపల రెండు పక్కలా గ్లోబస్ పాలిడస్ అనే చోట మచ్చలు దొరికే అవకాశం ఎక్కువ. అలాంటి మచ్చలు వేరే కారణాలతోనూ వస్తాయి, అందుకని రేడియాలజిస్టుకు గీజర్ సంగతి తెలియాలి. మా చీటీ మీద ‘కళ్లు తిరిగాయి’ అని మాత్రమే రాసి ఉంది, నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. మరిది బాగానే ఇంటికొచ్చాడు. కొన్ని వారాలకు తోడికోడలు ఫోన్ చేసి, “అక్కా, ఈయన తాళం ఎక్కడ పెట్టారో కాదు, చేతిలో తాళం ఎందుకుందో మర్చిపోతున్నారు” అంది. నడక కూడా మందగించింది. కొందరిలో పూర్తిగా కోలుకున్నట్టు కనిపించాక, కొద్ది రోజుల నుంచి 40 రోజుల లోపు ఇలా తిరగబెడుతుందట. మళ్లీ ఎమ్మారై తీస్తే ఈసారి మెదడులోని తెల్ల పదార్థంలో మార్పులు కనిపించాయి. మొదటిది చేతిలో ఉంది కాబట్టే, ఇవి కొత్తగా వచ్చినవని న్యూరాలజిస్టు వెంటనే చెప్పగలిగారు. నెలలు పట్టినా చాలావరకు తేరుకున్నాడు.

ఎమ్మారై తీయించండి, రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. నాన్నగారి మతిమరుపును వయసు మీదకు నెట్టేయకుండా ఒక నెలన్నర గమనించండి. ఆ గీజర్‌ను మాత్రం ఇక వెలిగించకండి. మేం తీయించేసి కరెంటుది పెట్టించాం.