చిన్న ఆన్‌లైన్ షాపుకి ఎక్కువ ఖర్చు లేకుండా కస్టమర్లను ఎలా తెచ్చుకోవాలి?

నాలుగేళ్లుగా మల్కాజ్‌గిరిలో ఇంటి నుంచే లక్క గాజులు అమ్ముతున్నాను. వెబ్‌సైట్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది, కానీ ఆర్డర్లలో ముప్పావు వంతు వాట్సాప్‌లోనే వస్తాయి. నాకు తెలిసింది గాజుల సంగతే. మీరు పచ్చళ్లు అమ్ముతున్నా, పిల్లల బట్టలు అమ్ముతున్నా మీకు తగ్గట్టు మార్చుకోండి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మొదటి ఏడాది శ్రావణ మాసానికి ముందు ఒక ఏజెన్సీకి 12,000 రూపాయలు కట్టాను. యాడ్స్ సంగతి మాకొదిలేయండి మేడమ్ అన్నారు, వదిలేశాను. అబద్ధం ఎందుకు, ఆర్డర్లు వచ్చాయి. 43. అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. వరలక్ష్మీ వ్రతం అయిన మర్నాటి నుంచి ఒక్కొక్క పార్సిలే తిరిగి రావడం మొదలైంది. కొరియర్ అబ్బాయి గుమ్మంలో డబ్బాలు పేరుస్తుంటే మా అత్తగారు, "మన గాజులు మనకే అమ్ముతున్నారేంటే" అన్నారు. మొత్తం 17 వచ్చాయి. పోనూ రానూ ఛార్జీలు నావే. విప్పి చూస్తే కొన్ని విరిగిపోయి ఉన్నాయి, లక్క కదా మరి.

సిగ్గు విడిచి 17 మందికీ ఫోన్ చేశాను. ఆరుగురు అసలు పార్సిలే తీసుకోలేదట, వాళ్లకో దండం. మిగతావాళ్లందరిదీ ఒకటే మాట, సైజు తప్పింది. వరంగల్ నుంచి ఒకావిడైతే నన్ను దులిపేసింది. "టూ-సిక్స్ అంటారు, టూ-ఎయిట్ అంటారు, అవేంటో నాకెలా తెలుస్తాయండీ? షాపుకెళ్తే వాళ్లే చెయ్యి చూసి ఇస్తారు" అంది.

నిజమే కదా. చిన్నప్పుడు మా ఊరికి గాజులామె మలారం, అంటే గాజుల గుత్తి, వేసుకుని వచ్చేది. అరుగు మీద కూర్చుని, మన చెయ్యి పట్టుకుని, వేళ్లన్నీ దగ్గరికి చేర్చి ఒక్కసారి నొక్కి చూసేది. అంతే, సరిపోయే గాజులు తీసి తొడిగేది. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో ఇప్పటికీ కొంచెం తేడా ఉంటే లక్కను వేడి చేసి సైజు సరిచేసి ఇస్తారు. నా షాపులో చెయ్యి పట్టుకునేవాళ్లు ఎవరున్నారు?

ఆ రాత్రే మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని స్కేలు, నా పాత గాజు ఒకటి ముందు పెట్టుకుని వీడియో తీశాను. మీకు సరిపోయే గాజు ఒకటి తీసుకోండి, లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు దాకా కొలవండి. టూ-ఫోర్ అంటే రెండు అంగుళాలు, పైన అంగుళంలో పదహారో వంతులు నాలుగు. అంటే 2.25 అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. టూ-సిక్స్ అయితే 60, టూ-ఎయిట్ అయితే 63.5. ఇంతే చెప్పాను, 50 సెకన్లు. వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది, మళ్లీ తీసే ఓపిక లేక అలాగే పెట్టేశాను. నా దగ్గర ఎప్పుడూ ఏమీ కొననివాళ్లు కూడా దాన్ని తమ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వేసుకున్నారు. ఆ బతుకమ్మకి వచ్చిన ఆర్డర్లు యాడ్ల నెల కంటే ఎక్కువ. క్యాష్ ఆన్ డెలివరీ తీసేసి, ముందే యూపీఐలో కట్టమన్నా వచ్చాయి. తిరిగొచ్చినవి రెండు.

అందుకే ఎవరేమన్నా నేను ఒప్పుకోను, కొత్త షాపుకి యాడ్లు దండగ. కొనాలని వచ్చినవాళ్లు ఎక్కడ తటపటాయించి వెళ్లిపోతున్నారో కనుక్కోండి చాలు. పచ్చడైతే కారం ఎంత, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది. బట్టలైతే ఒక్క ఉతుకు తర్వాత రంగు ఎలా ఉంటుంది. అది చూపించండి.

వాట్సాప్ గురించి ఒక మాట. ఒకేసారి చాలామందికి పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఇది తెలియక ఆర్నెల్లు గాలికి చెప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి డబ్బాలో చేత్తో రాసిన చీటీ పెడతాను: "ఈ నంబరు సేవ్ చేసుకుని ఒక హాయ్ పెట్టండి, మీ సైజు రాసి పెట్టుకుంటాను." నిజంగానే నోట్‌బుక్‌లో రాస్తాను. సైజు, పెళ్లిరోజు, ఇంట్లో సీమంతం ఏదైనా ఉంటే ఆ నెల. గాజులామె ఇవన్నీ నోటికి చెప్పేది, నాకు అంత జ్ఞాపకశక్తి లేదు.

ఇక "ప్రైస్ కోసం డీఎం చేయండి" అని రాసే షాపులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ధర చెప్పడానికి సిగ్గెందుకు? గివ్ అవేలూ అంతే, వాటికి వచ్చేవాళ్లు ఫ్రీ గాజుల కోసం వస్తారు, మళ్లీ కనిపించరు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా రోజూ నాంపల్లిలో కూర్చుంటే ఇంట్లో ప్యాకింగ్ ఎవరు చేస్తారు? దాని బదులు నాలుగు అపార్ట్‌మెంట్లలో పండగ ముందు ఒక్కో సాయంత్రం టేబుల్ వేసుకోవడం నయం. అక్కడ నేను కూడా గాజులామెలాగే చెయ్యి పట్టుకుని సైజు చూస్తాను.

ఇంకోటి, సరుకు ఎక్కడిదో దాచకండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఇది ఫలానా చోటి ప్రత్యేక సరుకు అనే గుర్తింపు. ఆ ముక్క రాస్తే చదివి ముందుకెళ్లిపోయారు. అదే పాతబస్తీలో నాకు గాజులు చేసిచ్చే భాయ్‌ని అడిగి, ఆయన వేడి లక్క మీద రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతుంటే చేతుల వరకు వీడియో తీసి పెడితే, "ఈ జత ఎంత" అని ఆ రాత్రంతా మెసేజీలు.

నన్ను దులిపేసిన వరంగల్ ఆవిడ ఈ మధ్య కూతురి సీమంతానికి ముప్పై జతలు చెప్పింది. వచ్చే చుట్టాలందరి పాత గాజులూ కొలిపించి, సైజుల లిస్టు తనే పంపింది. కొరియర్ కన్నా చవకని ఆర్టీసీ కార్గోలో వేశాను. ఆవిడ ఒక్క రూపాయి బేరమాడలేదు. మా ఆడపడుచు మాత్రం నిన్న ఒక్క జతకే అరగంట ఆడింది.