ముందు కాపీ, తర్వాతే పరీక్ష

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

కొట్లో ల్యాప్‌టాప్ నడుస్తుండగానే బల్ల మీంచి పడిందనీ, రిపేరు షాపుకు పంపనీయకుండా హార్డ్‌డిస్క్ నువ్వే చూస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మనింట్లో స్క్రూడ్రైవర్ పట్టే మనిషి ఒకరు తయారైనందుకు సంతోషమే. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. అందులో మిర్చి యార్డు లెక్కలన్నీ ఉన్నాయి. అవి పోయినా కాటా చీటీలు, చిట్టాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించుకోవచ్చు. మీ నాయనమ్మ పాడిన మంగళహారతులు మాత్రం ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఇంకో కాపీ పెట్టమని మీ నాన్నకు ఎంత మొత్తుకున్నానో వాణ్ణే అడుగు.

సరే. ఇంకా ఆన్‌లో ఉంటే ముందు ఆపెయ్యి. ఆపాక చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి చూడు. డిస్కు దగ్గర గలగలమంటే ఇక ఆన్ చేయనే వద్దు. ఈ 2.5 అంగుళాల డిస్కుల్లో డేటా ఉండే పళ్లేలు చాలావరకు గాజువే, పగిలితే అలాగే మోగుతాయి. ఏ చప్పుడూ లేకపోతే ఒక్కసారి ఆన్ చేసి చెవి ఆనించి విను. సన్నటి హోరు మామూలే. టక్, టక్, టక్‌మని ఒకే వరసన కొట్టుకుంటుంటే డేటా చదివే హెడ్డు దెబ్బతిన్నట్టు. కీచుమని ఆగి మళ్లీ కీచుమంటుంటే చాలాసార్లు హెడ్డు పళ్లేనికి అతుక్కుని మోటారు తిరగలేక చేసే గోల అది. గరగర గీసుకుంటుంటే చెప్పేదేముంది. వీటిలో ఏది వినిపించినా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపెయ్యి. అక్కడితో నీ పని అయిపోయింది, ఇక డేటా రికవరీ వాళ్లకు ఇవ్వాల్సిందే.

డిస్కు మూత విప్పుదామని మాత్రం అనుకోకు. హెడ్డుకీ పళ్లేనికీ మధ్య ఉండేది కొన్ని నానోమీటర్ల సందు, మీ కొట్లో గాల్లో ఎగిరేదేమో మిరపపొడి. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబితే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

చప్పుడు మామూలుగానే ఉండి విండోస్ లేచిందనుకో. నా అసలు భయం ఇక్కడే. యూట్యూబ్‌లో ఏ వీడియో పెట్టినా చెప్పేది ఒకటే: విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే కమాండ్ చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ స్లాష్ ఆర్ కొట్టు, బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్కులో పాడైన చిన్న చిన్న గళ్లు, బాగుపడతాయని. బాగుపడవు తల్లీ. స్లాష్ ఆర్ అంటే ఖాళీ జాగాతో సహా మొదటి నుంచి చివరిదాకా ప్రతి సెక్టారూ చదవమని. చదవలేని సెక్టారు తగిలితే డిస్కు దాన్నే పట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పళ్లెం మీద గీత పడి ఉంటే హెడ్డు గంటల తరబడి ఆ గీత దగ్గరే తచ్చాడుతుంది, రేగిన పొడి మిగతా చోట్లకు పాకుతుంది. పొద్దున నాలుగు సెక్టార్లు పోయిన డిస్కు సాయంత్రానికి పూర్తిగా చచ్చేది ఇలాగే.

ఇక స్లాష్ ఎఫ్. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్ లెక్క కుదిరితే దానికి చాలు, నీ ఫైలు ఏమైనా దానికి పట్టదు. పద్దు కుదరకపోతే పేజీ చింపేసే గుమస్తా అది. వివరాలు చదవలేకపోయిన ఎంట్రీని కొట్టేస్తుంది, దిక్కులేని ముక్కల్ని ‘ఫౌండ్ డాట్ 000’ అనే ఫోల్డర్‌లో పేర్లు తీసేసి పడేస్తుంది. అది కూడా ఆ పాడైన డిస్కు మీదే రాస్తుంది. తర్వాత రికవరీ వాళ్ల దగ్గరికి పరిగెత్తినా వాళ్ల చేతికొచ్చేది ఆ చింపేసిన పద్దే. నువ్వు కొట్టకపోయినా ఆన్ అయ్యేటప్పుడు విండోసే డిస్క్ చెకింగ్‌కు సిద్ధపడొచ్చు. ఆపాలంటే ఏదైనా కీ నొక్కమని కొన్ని సెకన్ల గడువిస్తుంది. నొక్కెయ్యి. ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే క్యాన్సిల్. డిస్కు బాగానే ఉండి, కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ చెడినప్పుడు చెక్‌డిస్క్ మంచి మందే. కింద పడ్డ డిస్కు మీద, కాపీ తీయకముందు, దాని జోలికి పోకు.

కాపీకి ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి మొదట నాయనమ్మ పాటలు తియ్యి. తర్వాత లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాం మూసేసి, దాని డేటా ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉన్నవన్నీ తియ్యి. ఆ తర్వాత ఫొటోలు. సినిమాలు పోతే పోనీ. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే స్కిప్ కొట్టి ముందుకు పో, దాంతో కుస్తీ పట్టకు. అసలే ఎండలు, ఫ్యాన్ కింద పెట్టు. డిస్కు వేడి 50 డిగ్రీలు దాటితే కాసేపు ఆపు.

స్కిప్‌లు ఎక్కువవుతుంటే కాపీ మానేసి, డిస్కు ఊడదీసి, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌కు యూఎస్‌బీ సాటా కేబుల్‌తో తగిలించి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికీ ఒకే ఫైలుగా నకలు, తియ్యాలి. ఊడదీసేముందు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసుకో, ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకో. స్క్రూలు విప్పాక మొదట బ్యాటరీ కనెక్టర్ తియ్యి. డీడీరెస్క్యూ మొదటి విడత మైనస్ ఎన్‌తో నడిపితే తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది, మొండి చోట్లు వదిలేస్తుంది, వాటిని మైనస్ ఎన్ లేకుండా రెండో విడతలో చూడాలి. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వు, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. పాత డిస్కు పేరు ముందు, ఇమేజ్ పేరు తర్వాత. ఇవి తారుమారైతే పాటలకే ముప్పు రావచ్చు, ఎంటర్ కొట్టేముందు మీ అమ్మను పిలిచి పైకి చదివి వినిపించు. ఇమేజ్ పెట్టే డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్‌ను (అసలు అంకెల్ని) పది మూలానికి, అంటే మామూలు లెక్కకు, మార్చుకో. లేకపోతే 10 అని కనిపించేది నిజానికి 16. చూడాల్సింది 05, సీ5, సీ6, సీ7. 05 అంటే డిస్కు ఇప్పటికే పక్కనపెట్టి వేరేచోటికి మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక తేల్చకుండా ఉంచినవి. సీ6 అంటే సరిచేయలేక పోయినవి. సీ7 అంటే కేబుల్‌లో డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పులు. కింద పడ్డాక సీ5, సీ6 పెరుగుతుంటే ఆ డిస్కును ఇక నమ్మకు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే కుదుపుకు కేబుల్ వదులై ఉండొచ్చు, తీసి మళ్లీ బిగించి చూడు. ఆ అంకె తగ్గదు, ఇంకా పెరుగుతోందా అన్నదే లెక్క. సీగేట్ డిస్కయితే 01, 07 దగ్గర కోట్లలో అంకెలు చూసి జడుసుకోకు, దాని లెక్క వేరు.

నీలం రంగులో ‘గుడ్’ అని కనిపించినా పొంగిపోకు. పడ్డాక ఇంకా చదవని సెక్టార్ల సంగతి ఆ పట్టీకి తెలియదు. అందుకే కాపీలు భద్రమయ్యాక స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లాంగ్ టెస్ట్, అంటే డిస్కు తనను తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష, పెట్టు. 1 టీబీకి మూడు గంటలు దాటొచ్చు. తప్పులేవీ లేకుండా పూర్తయితే వారం వాడి మళ్లీ అంకెలు చూడు. మధ్యలో రీడ్ ఫెయిల్యూర్ అని ఆగితే ఎస్‌ఎస్‌డీ కొనండి, 7 మిల్లీమీటర్ల సాటాదే సరిపోతుంది. పాతదాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి వేయకండి, రైతుల బ్యాంకు వివరాలున్నాయి అందులో.

ఆదివారం మీ నాన్న బెజవాడ వస్తానన్నాడు. పాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు, నా దగ్గరా ఒక కాపీ ఉంటుంది. పంపేముందు ప్రతి ఫైలూ చివరిదాకా వినిపిస్తోందో లేదో చూసుకో. పేరు, సైజు సరిగ్గానే ఉండి లోపల సగం మూగబోయిన ఫైళ్లు ఇలాంటి డిస్కుల్లోంచే వస్తాయి.

మీ పెదనాన్న
విజయవాడ