తంబురాలో గాంధారం ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మాయి గాత్రం నేర్చుకుంటోంది. తంబురాను షడ్జ పంచమాలకే శ్రుతి చేస్తారు కదా, అయినా శ్రద్ధగా వింటే అందులో అంతర గాంధారం (‘గ’ స్వరపు హెచ్చు రూపం) పలుకుతుందని వాళ్ల గురువుగారు అంటారు. అది భ్రమా, నిజమా? అదే గాంధారాన్ని కీబోర్డు మీద నొక్కితే తంబురాతో కలవనట్లు ఎందుకుంటుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: భ్రమ కాదు, గురువుగారి మాట అక్షరాలా నిజం. మంద్ర షడ్జపు తీగ సెకనుకు 120 సార్లు కంపిస్తోందనుకుందాం. అది నిడివంతా ఒక్కటిగా ఊగుతూనే రెండు, మూడు, నాలుగు, ఐదు సమభాగాలుగానూ ఊగుతుంది కనుక 240, 360, 480, 600 పౌనఃపున్యాలు కూడా ఆ నాదంలో కలిసే ఉంటాయి. 240, 480 పై స్థాయి షడ్జాలు; 360 పంచమం; 600 అంతర గాంధారం. ఇటువంటి అనుస్వరాలు తీగ వాద్యాలన్నింటిలోనూ ఉండేవే గాని, తంబురాలో అవి ఇంత స్ఫుటంగా వినబడడానికి వెడల్పాటి వంపు బ్రిడ్జి, దాని మీద తీగ కింద దూర్చే దారపు పోగు కారణం. మీటిన బిందువు నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు అసలు పుట్టకూడదని సిద్ధాంతం. వీణ, తంబురాల్లో అవి సైతం పలుకుతాయని సి.వి. రామన్ 1921లోనే చూపించారు.

ఇక కీబోర్డు సంగతి. 3:2 నిష్పత్తిలో పంచమం మీద పంచమంగా 12 సార్లు పైకి పోతే మొదటి షడ్జానికి సుమారు 129.75 రెట్లకు చేరుకుంటాము, ఒక్కో స్థాయికి రెట్టింపు చొప్పున 7 స్థాయిలు ఎక్కితే మాత్రం 128 రెట్లే. ఈ తేడాను ఎక్కడో ఒకచోట సర్దక తప్పదు. ఏ మెట్టును షడ్జంగా పట్టుకున్నా వాయించుకోగలిగేలా స్థాయిని 12 సమాన మెట్లుగా విభజించారు. ఆ సర్దుబాటులో పంచమం దాదాపు చెడకుండా బయటపడింది, గాంధారం మాత్రం షడ్జానికి 1.25 రెట్లకు బదులు 1.26 రెట్లు అయింది. అంటే 600 ఉండవలసిన చోట 604.8 పలుకుతుంది.

లోపలి చెవిలోని కాక్లియాలో ఉన్న పొర ఒక కొసన బిగువుగా, రెండో కొసన వదులుగా ఉండడం వల్ల హెచ్చు స్వరాలు ఒకచోట, తగ్గు స్వరాలు మరోచోట దానిని ఎక్కువగా కదిలిస్తాయి. ఈ పరిశోధనకే శాస్త్రవేత్త బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. 600, 604.8 మరీ దగ్గరివి కావడంతో దాదాపు ఒకే చోటును కదిలిస్తాయి. చెవి వాటిని విడదీయలేక, సెకనుకు సుమారు 5 సార్లు హెచ్చి తగ్గే ఒకే నాదంగా వింటుంది. మీకు కలవనట్లు అనిపించినది ఈ విస్పందనాల వల్లనే.

గాంధారాన్ని విస్తారంగా ఊపే తోడి వంటి రాగంలో ఈ తేడా పట్టుబడదు. శంకరాభరణంలో గాంధారం మీద నిలిచినప్పుడు తప్పక తెలుస్తుంది గనుక, మీ అమ్మాయిని కీబోర్డుతో కాక తంబురాతోనే సాధన చేయనివ్వండి.