47 ఏళ్ళకే మోకాలి లోపలివైపు గుజ్జు అరిగితే, కీలు మార్చకుండా కాపాడుకోవచ్చా?

మీకు 47 ఏళ్ళని, కాళ్ళు కొంత దొడ్డిగా (మోకాళ్ళు బయటికి వంగి) ఉన్నాయని, ఎడమ మోకాలి లోపలివైపు గుజ్జు అరిగిందని రాశారు. ఒక వైద్యుడు మన రక్తంతోనే చేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ అని, ఇంకొకరు ఎముక కోసి సరిచేయాలని, మూడోవారు కీలు మార్పిడి అని చెప్పారన్నారు. దాదాపు ఇదే స్థితిలో తిరుపతిలో చికిత్స పొంది, ఎముక కోసి సరిచేసే ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను.

ముందుగా, మీ శరీర బరువు కాలిలో ఏ గీత వెంబడి నేలకు దిగుతున్నదో తేల్చుకోండి. మోకాలికి మాత్రమే తీసిన ఎక్స్-రేలో అది తెలియదు. నిలబడి ఉండగా తుంటి నుంచి చీలమండ దాకా తీసే పొడవాటి ఎక్స్-రే కావాలి. దొడ్డికాళ్ళవారిలో ఆ గీత మోకాలి లోపలి భాగం మీదుగా పోతుంది. గుజ్జుకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు కనుక అరిగినది దానంతట అది పూడదు. గీత మారనంత కాలం ఏ మందు ఎక్కించినా బరువు మళ్ళీ అక్కడే పడుతుంది.

మీ రెండో వైద్యుడు చెప్పిన ఆ శస్త్రచికిత్స, అంటే హై టిబియల్ ఆస్టియాటమీలో మోకాలికి దిగువనున్న పెద్ద ఎముకను సాధారణంగా లోపలివైపు నుంచి కోసి, కొన్ని డిగ్రీలు తెరిచి, ప్లేటు, స్క్రూలతో బిగించి, బరువును బాగున్న బయటివైపుకు మళ్ళిస్తారు. అరుగుదల ఒక పక్కకే పరిమితమై, మోకాలు బాగా వంగుతూ, లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) గట్టిగా ఉన్నవారికి ఇది తగినది; కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవారికి తగదు, పొగతాగేవారికి ఎముక అతకడం ఆలస్యమవుతుంది. కోలుకోవడం తేలికని చెప్పను. చంకకర్రలతో వారాలు గడుస్తాయి, ఎముక పూర్తిగా అతకడానికి నెలలు పడుతుంది, తొడ కండరాల వ్యాయామం మానితే శస్త్రచికిత్స ఫలితం సగమే దక్కుతుంది. ఇప్పుడు నేను శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ మెల్లగా ఎక్కగలను, కానీ దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి కిందికి బస్సులోనే వస్తాను.

పీఆర్‌పీ అంటే మన రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కించడం. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిగిన పరీక్షలో, ఏడాది తరువాత నొప్పిలోగానీ గుజ్జు తరుగుదలలోగానీ మందేమీ లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌కూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొన్ని ఇతర పరిశోధనల్లో నొప్పి తగ్గిందన్నారు కనుక పూర్తిగా కొట్టిపారేయను, కానీ వంకర కాలిని అది నిటారు చేయదు. మూలకణాలతో (స్టెమ్ సెల్స్‌తో) గుజ్జు మళ్ళీ పెంచుతామనే ప్రకటనల విషయంలో మాత్రం గట్టిగా జాగ్రత్తపడండి: 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప తక్కిన మూలకణ చికిత్సలు క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. మన కణాలనే ప్రయోగశాలలో పెంచి అమర్చే పద్ధతి వేరు. స్వీడన్ వైద్యులు 1994లో ప్రకటించిన ఆ చికిత్స దెబ్బ తగిలి ఒకచోట గుంటపడిన గుజ్జుకు పనికివస్తుంది గానీ, విస్తారంగా అరిగిన మోకాలికి కాదు. అక్కడ కూడా కాలి వంకరను సరిచేయాల్సి ఉంటుంది.

ఎవరైనా చిన్న రంధ్రంతో కీలును కడిగి శుభ్రం చేద్దామంటే, అరిగిన మోకాళ్ళున్న 180 మందిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పరీక్షలో అది పైపైన కోత పెట్టి చేసినట్టు నటించే ఉత్తుత్తి శస్త్రచికిత్స కంటే మెరుగేమీ కాదని తేలిందని గుర్తుంచుకోండి. బరువు కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ దారి పట్టినా ఇది తప్పదు.

కీలు మార్పిడి చెడ్డదని నా ఉద్దేశం కాదు. అయితే మీ వయసులో అమర్చిన కీలు అరిగి, మరోసారి మార్చవలసి రావచ్చు. ఆస్టియాటమీ చేయించుకున్నాక తరువాత ఎప్పుడైనా మార్పిడి చేయించుకునే వీలుంటుంది, కాకపోతే ఆ శస్త్రచికిత్స కొంచెం కష్టమవుతుంది. పొడవాటి ఎక్స్-రే చేతికి వచ్చాక, ఎముకల చికిత్సకే నెలకొల్పిన టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలో మరో అభిప్రాయం అడగండి. బయటివైపు కూడా అరిగినట్టు తేలితే నా అనుభవం మీకు వర్తించదు, మూడో వైద్యుని మాటే వినండి.